కెరటమెక్కే పలకలో పచ్చదనమెంత?

కెరటాలపై సాగే క్రీడ కనుక సర్ఫింగ్‌కు ప్రకృతికి చేరువైనదన్న పేరు సహజంగానే వచ్చింది గానీ, నేడు ఆ క్రీడకు వాడే సామగ్రిలో అత్యధిక భాగం పెట్రోలియం నుంచి పుట్టినదే. సర్ఫర్ నిలబడే బోర్డు, చన్నీటిలో ఒంటికి తొడుక్కొనే వెట్‌సూట్, కాలు జారకుండా బోర్డుపై రుద్దే మైనం, బోర్డును చీలమండకు కట్టి ఉంచే తాడు, అన్నిటి మూలమూ అదే. వీటికి బదులుగా ఇప్పుడు అమ్ముడవుతున్న ‘హరిత’ వస్తువుల్లో నిజమైన మార్పు ఏదో, పైపై ముద్ర ఏదో తేలాలంటే వాటి తయారీని పరిశీలించాలి. అలా చూసినప్పుడు వెట్‌సూట్ చిక్కు చాలావరకు విడిపోయిందని, బోర్డు చిక్కు మాత్రం అలాగే ఉందని అర్థమవుతుంది.

ఈ క్రీడకు పుట్టినిల్లుగా పేరొందిన హవాయి దీవుల్లో పూర్వం కోవా, విలివిలి, సీమపనస మానులను పలకలుగా చెక్కి, కుకుయి గింజల నూనె పట్టించి వాడేవారు. ఆ పలక పాడైతే తిరిగి మట్టిలో కలిసిపోయేది. 20వ శతాబ్దంలో తేలికైన బాల్సా కర్ర వాడుకలోకి వచ్చింది. 1950ల చివర కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలియురెథేన్ ఫోమ్‌ను, అంటే రెండు ద్రవాలు కలిసి పొంగి గట్టిపడగా ఏర్పడే ప్లాస్టిక్ నురగను, బోర్డుల తయారీకి అనువుగా మలచడంతో కర్ర వెనుకబడింది. ఆ ఫోమ్ దిమ్మను షేపర్, అంటే బోర్డును మలిచే పనివాడు, కోసి, చిత్రిక పట్టి, ఫైబర్‌గ్లాస్ వస్త్రం చుట్టి, దానిపై పాలిస్టర్ రెజిన్ అనే జిగురు పోసి గట్టిపరుస్తాడు. చిత్రిక పట్టేటప్పుడు రాలే పొడి, రెజిన్ నుంచి వెలువడే స్టైరీన్ ఆవిరి ముందుగా చేరేది సముద్రంలోకి కాదు, పనివాడి ఊపిరితిత్తుల్లోకి. సముద్రతీరపు చెత్తను గురించి జరిగినంత చర్చ ఈ పనిశాలల గాలి గురించి జరగకపోవడం విచిత్రమే.

ఒకే పదార్థంపై ఒక పరిశ్రమ ఎంతగా ఆధారపడిందో 2005 డిసెంబరు 5న బయటపడింది. అమెరికాలో బోర్డులకు కావలసిన దిమ్మల్లో సింహభాగాన్ని సరఫరా చేస్తున్న క్లార్క్ ఫోమ్ సంస్థ ఆ రోజు ఉన్నట్టుండి మూతపడింది. ఫోమ్ తయారీలో వాడే టోలీన్ డైఐసోసైనేట్ అనే విషపూరిత రసాయనానికి సంబంధించిన నిబంధనలు, బాధ్యతల బెడదను యజమాని తన లేఖలో కారణాలుగా చెప్పాడు. దిమ్మల కోసం అల్లాడిన షేపర్లు ఇతర పదార్థాలను వెతుక్కున్నారు. వాటిలో ముఖ్యమైనది ఎక్స్‌పాండెడ్ పాలిస్టైరీన్, అంటే టీవీలు, ఫ్రిజ్‌ల అట్టపెట్టెల్లో కనిపించే తెల్లని థర్మకోల్. శుభ్రంగా ఉన్న థర్మకోల్‌ను కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. దానిపై పూసే ఎపాక్సీ రెజిన్‌తో స్టైరీన్ ఆవిరి బెడద లేదు, పైగా బోర్డు దృఢంగానూ ఉంటుంది. అయితే గట్టిపడని ఎపాక్సీ తగిలితే చర్మానికి ఎలర్జీ రావచ్చు.

ఆ తర్వాత మొక్కల నుంచి తీసిన కర్బనాన్ని కొంత మేరకు కలిపిన ‘బయో’ రెజిన్లు వచ్చాయి. సస్టైనబుల్ సర్ఫ్ అనే సంస్థ 2012లో ఇలాంటి పదార్థాలతో చేసిన బోర్డులకు ‘ఎకోబోర్డ్’ గుర్తింపు ఇవ్వసాగింది. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు నాచునూనె నుంచి ఫోమ్ దిమ్మను తయారు చేయించారు. ఇవన్నీ మెచ్చదగినవే గానీ అసలు ముడిని ఇవేవీ విప్పలేదు: ఎపాక్సీ గానీ పాలిస్టర్ గానీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, గాజు వస్త్రం నుంచి విడిపోదు. జిగురులో కొంత భాగం మొక్కదైనంత మాత్రాన విరిగిన బోర్డు చేరే చోటు మారదు. లోపల బోలుగా ఉంచి చేసే కర్ర బోర్డులు ఈ చిక్కును కొంత తగ్గిస్తాయి. వాటి బరువు, ధర మాత్రం ఎక్కువ.

వెట్‌సూట్ కథ వేరు. దాని ముడిసరుకైన నియోప్రీన్ 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు. దానికి మూలం క్లోరోప్రీన్ అనే ద్రవం. దీనికి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2010లో తేల్చింది. డ్యూపాంట్ నుంచి 2015లో జపాన్‌కు చెందిన డెంకా చేతికి వచ్చిన లూయిసియానా రాష్ట్రం లాప్లేస్ నియోప్రీన్ కర్మాగారం పరిసరాల్లో ఉండేవారు అత్యధికులు నల్లజాతీయులు. అక్కడి గాలిలో కలిసే క్లోరోప్రీన్‌పై ఏళ్ల తరబడి పోరాటం నడిచాక, 2025 మేలో అక్కడి ఉత్పత్తిని నిరవధికంగా నిలిపివేస్తున్నట్టు యాజమాన్యం ప్రకటించింది. నియోప్రీన్‌లో అధిక భాగం బెల్టులకు, గొట్టాలకు, వాహన భాగాలకు పోతుందనేది నిజమే గానీ, ఆ కారణంగా సర్ఫర్ల బాధ్యత తీరిపోదు.

‘సున్నపురాయి నియోప్రీన్’ పేరిట అమ్మే సరుకును పర్యావరణహితమనడం ఈ రంగంలోని పెద్ద మాయ. సున్నపురాయిని బొగ్గుతో కలిపి తీవ్రమైన వేడిలో కాల్చితే కాల్షియం కార్బైడ్ వస్తుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడేది ఇదే. దాని నుంచి ఎసిటిలీన్‌నూ, ఎసిటిలీన్ నుంచి క్లోరోప్రీన్‌నూ తీస్తారు. పెట్రోలియం తప్పింది గానీ క్లోరోప్రీన్ తప్పలేదు.

నిజమైన ప్రత్యామ్నాయం చెట్టు పాలలో దొరికింది. పటగోనియా సంస్థ 2012లో గ్వాయూలే అనే ఎడారి పొద రబ్బరును నియోప్రీన్‌తో కలిపి సూట్లు చేసింది. 2016లో నియోప్రీన్‌ను పూర్తిగా మాని, ధ్రువీకరణ పొందిన తోటల నుంచి సేకరించిన హీవియా రబ్బరును, అంటే కేరళ తోటల్లో గీసే చెట్టు రబ్బరునే, శుద్ధి చేసి వాడింది. ‘యూలెక్స్’ అనే ఈ పదార్థాన్ని పోటీదారులు కూడా వాడుకోవచ్చని ఆహ్వానించడం వ్యాపారంలో అరుదైన విషయం. రబ్బరు తోటల కోసం అడవులు నరికితే ఈ మేలు తలకిందులవుతుంది కనుక ధ్రువీకరణ ఇక్కడ అలంకారం కాదు.

మైనం విషయం చిన్నది: పెట్రోలియం పారఫిన్‌కు బదులు తేనెమైనం, కొబ్బరినూనె కలిపినవి దొరుకుతున్నాయి.

తెలుగు తీరానికి ఈ చర్చతో ప్రత్యక్ష సంబంధమే ఉంది. ఉత్తరాంధ్ర మత్స్యకారులు దుంగలను తాళ్లతో జోడించి కట్టుకొన్న తెప్పల స్థానాన్ని కొన్ని దశాబ్దాలుగా ఫైబర్‌గ్లాస్ తెప్పలు, పడవలు ఆక్రమించాయి. పాడైన ఫైబర్‌గ్లాస్‌ను ఏం చేయాలన్న ప్రశ్న సర్ఫర్‌దీ మత్స్యకారుడిదీ ఒకటే. విశాఖ రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకొంటున్న యువతకు ఒక వెసులుబాటు ఉంది: అక్కడి నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 25 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది గనుక వెట్‌సూట్ కొననక్కరలేదు, ఎండకు, రాపిడికి పలుచని పొడుగు చేతుల చొక్కా చాలు. ఇక బోర్డు కొనదలచినవారు ‘హరిత’ ముద్ర వెతకడానికి ముందు వాడిన బోర్డు దొరుకుతుందేమో విచారించాలి, పగులు పడ్డప్పుడు నీరు లోపలికి దిగకముందే అతుకు వేయించాలి; పదేళ్లు నిలిచిన మామూలు బోర్డు రెండేళ్లకే విరిగిన ‘ఎకో’ బోర్డు కన్నా నయం.