ఇంటర్వెల్ కాకముందే ‘సెకండాఫ్ సూపర్’ అన్నదెవరు?

సినిమా పిచ్చి ఉంది. ఉద్యోగమూ కావాలి. రెండూ ఒకేచోట దొరికే పని సినిమా ప్రచారం. అయితే ఆ పనిలో దిగేముందు ఓ ప్రేక్షకుడు చెప్పే మాటలు కాస్త వినండి.

ఈ మధ్య ఓ శుక్రవారం మార్నింగ్ షోకి వెళ్లాను. ఇంకా హీరోయిన్ కూడా తెరమీదికి రాలేదు. పక్క సీట్లో కుర్రాడు ఫోన్ నా వైపు తిప్పాడు. ‘సెకండాఫ్ అరాచకం, క్లైమాక్స్‌లో కన్నీళ్లు ఆగలేదు’ అని ఓ పోస్టు. దాని కింద అచ్చంగా అవే మాటలతో మరో పది. ముందురోజు ప్రీమియర్లు పడలేదు. అమెరికాలోనూ పడలేదు. ఎక్కడైనా అదే తొలి ఆట. మరి వీళ్లు క్లైమాక్స్ ఎప్పుడు చూశారు, ఎప్పుడు ఏడ్చారు? ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ ఆ అబ్బాయే అసలు సంగతి చెప్పాడు. ‘అన్నా, అందులో రెండు మా హాస్టల్ వాళ్లవే. పోస్టుకి ఇంత అని ఇస్తారు.’

అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ హాస్టల్ కుర్రాళ్లు మీలాంటివాళ్లే. డిగ్రీయో బీటెక్కో చివరి ఏడాది. సినిమా ఫీల్డ్‌లోకి వెళ్లాలని ఆశ. ఎవరో వాట్సాప్ గ్రూపులో చేర్చి, ‘ఇలా పెట్టండి, మెల్లగా మిమ్మల్ని టీమ్‌లోకి తీసుకుంటాం’ అని ఉంటారు. సినిమా ప్రచారంలో నిజంగానే పని ఉంది, మంచి పని ఉంది. కానీ కొత్తవాళ్లకు మొదట తగిలేది ఇదిగో ఈ రకం పని.

గోడ మీద నుంచి అరచేతిలోకి

ఒకప్పుడు ఊళ్లోకి కొత్త సినిమా వస్తే రిక్షాకు మైకు కట్టేవారు. అందులోంచి విసిరే రంగు కాగితాల కోసం పిల్లలు వెంటపడి పరుగెత్తేవారు. గోడ మీద పోస్టరు చూసే సినిమాకు వెళ్లాలా వద్దా అని తేల్చుకునేవారు. ఆ పోస్టర్లు గీయడం పెద్ద విద్య. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు బాపు తీసిన ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టి వేల సినిమాలకు డిజైన్లు చేశారు. ‘సినిమా పోస్టర్’ పేరుతో ఓ పుస్తకం కూడా రాశారు. డిజైనింగ్ వైపు వెళ్లాలనుకునేవారు ఏ లైబ్రరీలో దొరికినా వదలొద్దు. ఇక పత్రికలకీ సినిమా వాళ్లకీ మధ్య నిలబడింది పీఆర్వోలు. బి.ఎ.రాజు గారి పేరు టైటిల్స్‌లో ఎన్నిసార్లు చూసి ఉంటానో నాకే లెక్కలేదు.

ఇప్పుడా మైకు, ఆ గోడ, ఆ కాగితం అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. టైటిల్ ప్రకటన, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ఒక్కొక్కటిగా లిరికల్ పాటలు, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్, రిలీజ్, రెండో రోజే సక్సెస్ మీట్. ఈ వరస మీకూ కంఠతా వచ్చే ఉంటుంది. ‘టీజర్ ఎప్పుడొస్తుందో రేపు చెప్తాం’ అని చెప్పడానికి కూడా ఓ పోస్టరు వేస్తున్నారు! నాలాంటివాడికి విసుగే. కానీ ఉద్యోగం వెతుక్కునేవాడి కళ్లతో చూస్తే, వీటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు రాత్రంతా కూర్చుని చేసిన పని.

ప్రచారం ఎక్కడిదాకా?

2015లో ‘బాహుబలి’ కోసం కొచ్చిలో 50 వేల చదరపు అడుగులకు పైగా ఉన్న పోస్టరు పరిచారు. గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. కానీ జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆ పోస్టరు గురించి కాదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న గురించి. ఆ ప్రశ్న పుట్టింది ప్రచారం టీమ్ మీటింగులో కాదు, సినిమా చివరి సీనులో. జనమే దాన్ని 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా మోశారు. ప్రచారం వాళ్ల తెలివంతా దాన్ని చల్లారనీయకుండా చూసుకోవడంలో ఉంది.

ఇక చిన్న సినిమాల సంగతి. నాకు ఇవే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే వీటిలో డబ్బు కన్నా బుర్ర పనిచేస్తుంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. చాలామంది విశాఖలోని ఆ పేట మనుషులే. కటౌట్లు పెడితే ఎవరి కటౌట్ పెట్టాలి? సినిమానే ముందుగా పరిశ్రమలోని వాళ్లకు చూపించారు. రానా సమర్పకుడిగా పక్కన నిలబడ్డారు. చూసినవాళ్లు చెప్పుకున్న మాటే ప్రకటన అయింది. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ వచ్చినప్పుడూ అంతే. అదే రోజు మహేశ్‌బాబు సినిమా ఉంది. హైదరాబాద్‌లో థియేటర్లు దొరకడమే కష్టమైంది. వాళ్లు ముందురోజు రాత్రే ప్రీమియర్లు వేశారు. సినిమా మీద నమ్మకం లేనివాడు ఆ సాహసం చేయడు. బాగాలేకపోతే ఆ రాత్రికే కథ ముగిసిపోతుంది మరి.

‘బలగం’ (2023) అయితే ఎవరి ప్లాన్‌కీ అందలేదు. పల్లెల్లో తెర కట్టి, ఊరంతా నేలమీద కూర్చుని చూసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు ఆ సినిమా చూసి మాట్లాడుకున్నారని వార్తలొచ్చాయి. ఏ ఏజెన్సీ దగ్గరా దీనికి ప్యాకేజీ ఉండదు.

నేను గమనించింది ఇదీ: ప్రచారం మనల్ని శుక్రవారం తొలి ఆట దాకా తీసుకురాగలదు. సోమవారం మ్యాట్నీకి తీసుకురాలేదు. ఇది తెలిసిన టీమ్ సినిమాలో ఏముందో అదే చెబుతుంది. తెలియని టీమ్ లేనిది చెబుతుంది. కుటుంబ కథను మాస్ సినిమాలా ట్రైలర్ కట్ చేస్తారు. ఫైట్ల కోసం వచ్చినవాడు తిట్టుకుంటూ పోతాడు. అలాంటి కథ కావాలనుకున్న ఇంటిల్లిపాదీ అసలు రానే రారు. మంచి సినిమాను అలా చేజేతులా చంపుకోవడం నేను చాలాసార్లు చూశాను.

జనాన్ని పోగేయడం గురించి ఇంకో మాట. ‘పుష్ప 2’ ట్రైలర్‌ను 2024 నవంబరు 17న పట్నా గాంధీ మైదానంలో విడుదల చేస్తే మైదానం నిండిపోయింది. తెలుగు సినిమా ప్రచారం బిహార్ దాకా వెళ్లిందని మనం గొప్పగా చెప్పుకున్నాం. మూడు వారాలు తిరక్కముందే, డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఓ తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఈవెంట్ల వైపు వెళ్లేవారు స్టేజీ లైట్ల కన్నా ముందు గేట్లు ఎన్ని, లోపలికి ఎంతమంది, బయటికి దారి ఎటు అన్నది నేర్చుకోవాలి.

మీ చేతికి అందే పని

అన్నింటికన్నా కొరత మంచి తెలుగుకే అంటే నమ్ముతారా? పోస్టర్ల మీద ఒత్తులు తప్పు, దీర్ఘాలు తప్పు. అనువాద సినిమాల పేర్లయితే అనువాదమే కావడం లేదు. ‘వలిమై’, ‘తంగలాన్’, ‘వేట్టయన్’ అని తమిళ పేర్లనే తెలుగు అక్షరాల్లో రాసి మన గోడల మీద అంటించారు. ‘వేట్టయన్’ మీద గొడవ పెద్దదైతే, ‘వేటగాడు’ అనుకున్నాం, ఆ పేరు దొరకలేదు అని నిర్మాణ సంస్థ వివరణ ఇచ్చుకుంది. పది నిమిషాల్లో పది మంచి తెలుగు పేర్లు చెప్పగలిగే కుర్రాడో అమ్మాయో ఆ గదిలో ఉండి ఉంటే? తెలుగు సాహిత్యం చదివి ‘మాకేం ఉద్యోగాలు’ అని దిగులు పడేవారు ఈ వైపు ఓసారి చూడండి. పోస్టరు మీద ట్యాగ్‌లైన్, ప్రెస్‌నోట్, ఇంటర్వ్యూ ప్రశ్నలు, సబ్‌టైటిల్స్ అన్నీ భాష తెలిసినవాళ్ల పనులే.

ఎడిటింగ్ వచ్చినవాళ్లకు ట్రైలర్లు, లిరికల్ వీడియోలు ఉన్నాయి. ట్రైలర్ కట్ చేయడం సినిమా ఎడిటింగ్ లాంటిది కాదు. కథ చెప్పకుండా కథ మీద ఆకలి పుట్టించాలి. ఇప్పుడొచ్చే చాలా ట్రైలర్లు చూస్తే సినిమా చూసేసినట్టే ఉంటుంది, అది వేరే సంగతి. సాధన కోసం ఓ పాత సినిమాకు నిమిషంన్నర ట్రైలర్ కట్ చేసి చూడండి. అది మీ సొంత సాధన అని దానిమీదే రాయండి, హక్కులు వేరేవాళ్లవి కాబట్టి డబ్బుకు వాడొద్దు. పని చూపించడానికి వెయ్యి మాటల రెజ్యూమె కన్నా అదే నయం.

బొమ్మలు వేసేవాళ్లకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ ఉంది. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ లాంటివి నేర్పుతారు. కడపలోనూ ఇలాంటి విశ్వవిద్యాలయం ఉంది. జర్నలిజం చదివినవారికి పీఆర్ పని కొత్తగా అనిపించదు. కోర్సు లేకపోతే తలుపులు మూసుకుపోతాయని కాదు. ఈ రంగంలో సర్టిఫికెట్ అడిగేవాళ్ల కన్నా ‘ఏం చేశావో చూపించు’ అనేవాళ్లే ఎక్కువ.

డబ్బు మాట

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. డిగ్రీ ఫైనలియర్‌లో నేనూ ఓ చిన్న సినిమాకు పోస్టర్లు చేశాను. ఏడు పోస్టర్లు. చేసినంతకాలం రోజూ రాత్రి రెండింటికి ‘టైటిల్ ఇంకొంచెం పెద్దగా’ అని ఫోన్. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ‘మనవాళ్లే కదా తమ్ముడూ, రిలీజ్ అయ్యాక చూద్దాం’ అన్నారు. రిలీజ్ అయింది. సినిమా పోయింది. సినిమాతోపాటే ఆయన ఫోన్ నంబరూ మారింది. అమ్మకు ఏం చెప్పాలో తెలియక వారం రోజులు ‘బ్యాంకు సెలవు’ అన్నాను.

అందుకే చెబుతున్నా. ఎంత పని, ఎంత డబ్బు, ఎప్పుడు ఇస్తారు అన్నది మెయిల్‌లోనైనా రాయించుకోండి. కొంత అడ్వాన్సు అడగడం తప్పు కాదు. డబ్బు అందాకే అసలు ఫైలు ఇవ్వండి, అప్పటిదాకా చిన్న సైజు చాలు. మీకు పని ఇస్తామంటూ మిమ్మల్నే డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నవాడి దగ్గర పని ఉండదు. టైటిల్స్‌లో పేరు వేస్తామంటే ఆ మాటా రాయించుకోండి.

ఇక హాస్టల్ కుర్రాళ్ల పోస్టుల దగ్గరికొద్దాం. డబ్బు తీసుకుని పెట్టిన పోస్టును ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల చట్టం కింద రూ.10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా. చిన్న అకౌంట్ల జోలికి ఎవరొస్తారులే అనుకోవచ్చు. అసలు నష్టం అక్కడ లేదు. రేపు మీరు ఓ ఏజెన్సీలో ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్లు మొదట తెరిచేది మీ అకౌంటే. చూడని సినిమాకు ‘కన్నీళ్లు ఆగలేదు’ అని రాసిన పోస్టు అందులో కనిపిస్తుంది. డబ్బిచ్చి రాయించినవాళ్లకు కూడా ఆ రాసినవాడి మాట మీద నమ్మకం ఉండదు. వాళ్లకు కావాల్సింది సినిమా నిజంగా చూసి, ‘సార్, మీ ట్రైలర్ ఒకటి చెబుతోంది, సినిమా ఇంకోటి చెబుతోంది’ అనగలిగే మనిషి.

ఆ రోజు ఇంటర్వెల్ అయ్యాక ఆ కుర్రాడి పక్కనే మిగతా సినిమా చూశాను. సెకండాఫ్ అరాచకం ఏమీ కాదు, పర్వాలేదు. హీరో స్నేహితుడి పాత్ర మాత్రం చాలా బాగుంది, దాన్ని ట్రైలర్‌లో ఒక్క షాటు కూడా చూపించలేదు. ‘దీని మీద ఓ రీల్ చేస్తే బాగుండేదన్నా’ అన్నాడతను. ‘చెయ్యి’ అన్నాను. ఎండ్ టైటిల్స్‌లో డిజిటల్ ప్రచారం చేసిన సంస్థ పేరు వచ్చేదాకా ఇద్దరం లేవలేదు. అతను ఫోన్ తీసి ఆ పేరు నోట్ చేసుకున్నాడు. నా ఏడు పోస్టర్ల డబ్బు ఇంకా రాలేదు.