శరద్రాత్రులలో దయ్యాల నవలలు

వానలు వెనుకబట్టి, ఆకాశము తేటపడి, ఆరు దాటీ దాటకముందే దీపము పెట్టుకోవలసి వచ్చే రోజులివి. పెద్దలకు పెట్టుకొనే మహాలయ పక్షము వెళ్లింది. దసరా వచ్చింది, పిల్లలకు సెలవులు వచ్చినవి. నల్లరేగడిలో జొన్న విత్తుతున్నారు. కాలువ క్రింద వరి పాలు పోసుకొంటున్నది. మేము ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుగుకొనేసరికి యింట్లో ఒకటే గొడవ: "ఈ రాత్రికి యే దయ్యము?" అని.

పాఠకులు కంగారు పడనక్కరలేదు. మా యింట్లో దయ్యమేమీ లేదు. వున్నవి దయ్యాల నవలలు. ఆశ్వయుజ కార్తీకాలలో రాత్రి భోజనాలయిన తర్వాత వాటిని పైకి చదువుకోవడము మా యింటి ఆచారము. మా అమ్మ మొదలుపెట్టింది, మేము సాగిస్తున్నాము. వేసవిలో యిటువంటి పుస్తకము పట్టుకొంటే చెమట తప్ప వేరే ఫలము లేదు. ఆరుబయట మంచాలు, వీధినిండా మాటలు, దయ్యానికి చోటేది? చలి మొదలై, తలుపులు పెందలాడే మూసుకొని, బయట కీచురాళ్ల చప్పుడు తప్ప మరేమీ వినబడనప్పుడే ఆ పుటలకు ప్రాణము వస్తుంది.

మాది ఎమ్మిగనూరు. నేతకు పేరు పడిన ఎమ్మిగనూరు కాదు సుమండీ. అది కర్నూలు జిల్లాలోది. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘము స్థాపించిన వూరు. మాది బళ్లారి జిల్లాలో, కంప్లి వైపున్న వూరు. ఉత్తరము ఆ వూరికి పోయి, అక్కడ నాలుగు రోజులుండి, మాకు వచ్చిన సందర్భాలు లేకపోలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి, బళ్లారి యిటు మైసూరులో చేరినది. చుట్టాలు అటు, మేము యిటు. తర్వాత తుంగభద్ర నీళ్లు పారిన మీదట కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి క్యాంపులు కట్టుకొన్నవి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండూ కలిపి. తెలుగు గలగల మాట్లాడే పిల్లవాడి చేతికి తెలుగు పత్రిక యిస్తే తలక్రిందులుగా పట్టుకొనే యిండ్లు మాలో యెన్ని వున్నవో మీకు తెలియనిది కాదు.

మాకు తెలుగక్షరాలు నేర్పినది బడి కాదు, దయ్యము.

అమ్మ పుట్టిల్లు గుంతకల్లు. మేనమామ అక్కడ నుంచి రైలులో వచ్చినప్పుడల్లా ఆంధ్రభూమి వారపత్రికలు మోసుకొని వచ్చేవాడు. మేము పుట్టిన నాళ్లలో ఆ పత్రికలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి "తులసిదళం" వారము వారము వచ్చినది. అమ్మ ఆ పుటలను కత్తిరించి, సూదీ దారముతో కుట్టి, గట్టి అట్ట వేసి దాచింది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి జరుగుతుంది. ఇటు వైద్యుడు, అటు మాంత్రికుడు. పిల్ల దక్కుతుందా లేదా అని చదివేవాడి గుండె చేతిలోకి వస్తుంది. అమ్మ రాత్రికి ఒక వారము భాగమే చదివేది. సరిగ్గా ప్రాణము మీదికి వచ్చిన చోట ఆపి, బైండు దూలము మీద పెట్టి, దీపము ఆర్పేది. మాకు నిద్ర పట్టేదా? పగలు ఆమె పొలానికి పోయిన సమయము చూసి, రోలు మీదికెక్కి బైండు దించి, కన్నడ అక్షరాలు తెలిసిన కండ్లతో తెలుగు అక్షరాలను పోల్చుకొంటూ, ఒక్కొక్క మాట కూడబలుక్కొని ముందు కథ తెలుసుకొనేవారము. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు గదా, సగము ముఖాలు చూడగానే తెలుస్తవి. తలకట్లు, కొన్ని ఒత్తులు మాత్రము చాలా రోజులు తికమక పెట్టినవి. ఆ దసరా సెలవులు ముగిసేసరికి మాకు తెలుగు చదవడము వచ్చినది. అమ్మకు మా దొంగతనము మొదటి నుంచీ తెలుసునని, ఆ బైండు రోలుకు అందేటట్లు పెట్టినది తానేనని మా పెండ్లయిన తర్వాత చెప్పింది.

ఇటువంటి నవలలను క్షుద్ర సాహిత్యమన్నారు. రంగనాయకమ్మగారి వంటివారు తులసిదళాన్ని ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శలో మేము ఒప్పుకొనేది చాలా వున్నది. అది తర్వాత చెబుతాము. కాని దయ్యపు కథ మనకు నిన్న మొన్న అంటుకొన్న జాడ్యము కాదు. గుణాఢ్యుడు బృహత్కథను పైశాచీ భాషలో వ్రాశాడని, అదీ తన నెత్తురుతో వ్రాశాడని, రాజు కాదంటే అడవిలో నిప్పు రాజేసి ఒక్కొక్క పుటే చదివి అందులో వేస్తుంటే జంతువులు మేత మాని విన్నవని కథాసరిత్సాగరము చెబుతుంది. ఆ జంతువుల స్థితి మాకు బాగా తెలుసు. బేతాళుడి యిరవై అయిదు కథలూ ఆ సాగరములోనివే. 1947 జూలైలో పుట్టిన చందమామ ఆ యిరవై అయిదుతో ఆగక, బేతాళుణ్ణి దశాబ్దాల తరబడి చెట్టుకూ భుజానికీ మధ్య తిప్పింది. శంకర్‌గారు వేసిన ఆ శ్మశానము, కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవము చూడకుండా పెరిగిన తెలుగు పిల్లలు మా తరములో తక్కువ. చందమామకు 1949 నుంచి కన్నడ సంచిక గూడ వుండేది గనుక మా వీధిలో యీ ఒక్క దయ్యము విషయములో భాషా భేదము లేదు. పత్రిక యిప్పుడు లేదు. శంకర్‌గారు 2020లో కాలము చేశారు. ఇక బాలనాగమ్మ కథ సంగతి వేరే చెప్పాలా? 1942లో జెమినీవారు తీసిన బొమ్మలో గోవిందరాజుల సుబ్బారావుగారి మాయల మరాఠీని చూసి జడుసుకొన్నట్లు మా అవ్వ ముసలితనములో గూడ చెప్పుకొనేది.

తెల్లవారి దేశాలలోనూ ఆకులు రాలే కాలమే యీ చదువుకు కాలము. అక్టోబరు 31వ తేదీ రాత్రి హాలోవీన్ అని జరుపుతారు; నవంబరు మొదటి రెండు రోజులూ వారికి పుణ్యపురుషులను, గతించినవారిని తలచుకొనే దినాలు. మన మహాలయ అమావాస్యకు అది దగ్గరి చుట్టమని మాకు తోస్తుంది. పంట యింటికి వచ్చే ముందు పోయినవాళ్లు గుర్తుకు రావడము అన్ని దేశాల వాళ్లకూ వున్నదే. కేంబ్రిడ్జిలో యం. ఆర్. జేమ్స్ అనే మహా పండితుడు క్రిస్మసు రాత్రులందు మిత్రులను చేర్చుకొని, తాను వ్రాసిన దయ్యపు కథలను దీపము వెలుతురులో చదివి వినిపించేవాడు. అంతటివాడే చేసిన పని మా అమ్మ చేసిందంటే తప్పేమున్నది?

తప్పు చదవడములో లేదు. కథ పుస్తకము దిగి వీధిలో ఒక యింటికి పోయి అతుక్కొన్నప్పుడు వస్తుంది చిక్కు. బనగానపల్లె దగ్గర నవాబు బంగళా వున్నది. అక్కడ "అరుంధతి" సినిమా తీశారు, 2009లో విడుదలయినది. ఆనాటి నుంచి దానికి నవాబు పేరు పోయి అరుంధతి కోట అని పేరు పడింది. చూడవచ్చినవాళ్లు గోడలు తడిమి, లేని దయ్యాన్ని వెదుక్కొని పోతారు. బంగళా కాబట్టి సరిపోయింది. రాతిగోడకు బాధ లేదు.

మా వీధిలో జరిగినది అటువంటిది కాదు. ఇన్నేండ్లూ యెవరికీ చెప్పలేదు. పత్రికకు వ్రాస్తామని యింట్లో చెబితే మా ఆవిడ గూడ వద్దనే అన్నది.

1990ల తొలి యేండ్లు. ఒక పుకారు లేచింది. రాత్రిపూట ఒక ఆడదయ్యము వచ్చి తలుపు తడుతుందట. యింటివాళ్ల గొంతుతోనే పిలుస్తుందట. తలుపు తీసినవాడు తెల్లవారేసరికి వుండడట. దానికి విరుగుడు తలుపు మీద "నాళె బా" అని వ్రాయడము. దయ్యము అది చదువుకొని, సరే రేపు వద్దామని మరలిపోతుంది. మరునాడు వచ్చి మళ్లీ అదే చదువుకొంటుంది. కన్నడ దేశములో చాలా వూళ్లలో యిట్లా వ్రాసుకొన్నారు. ఆంధ్ర వైపు "ఓ స్త్రీ రేపు రా" అన్నారు. మా వీధిలో రెండూ వ్రాసినారు, దయ్యము యే భాషదో తెలియదు గదా! ఏ భాషదైనా చదువుకొన్న దయ్యము. మా వీధిలో సగము మందికి ఆ భాగ్యము లేదు.

వీధి చివర ఒక అవ్వ ఒంటరిగా వుండేది. మొగుడు పోయినాడు, బిడ్డలు లేరు. అన్ని తలుపుల మీదా సుద్దతోనో యెర్రమట్టితోనో అక్షరాలు వుండగా ఆమె తలుపు మాత్రము ఖాళీ. ఆమెకు వ్రాయడము రాదు, వ్రాసిపెట్టేవారు లేరు. అంతే సంగతి. కాని మేము రాత్రులు తులసిదళము వింటున్న పిల్లలము. ఆ తలుపు మీద యేంటికి లేదు? ఆమెకు అక్కరలేదు గనుక. ఏంటికి అక్కరలేదు? ఆ తర్వాతిది మేమే పూరించుకొన్నాము. అదే వారములో మా చెల్లెలికి జ్వరము తగిలింది. అంతకు ముందు రోజు అవ్వ దానికి జామకాయ యిచ్చిందని పెద్దవాళ్లే బావి దగ్గర గుసగుసలాడినారు. అమ్మ ఆ మాట చెవిని పెట్టక పిల్లను బళ్లారికి తీసుకొని పోయింది. టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, పిల్ల కోలుకొన్నది. అమ్మ వూళ్లో లేని ఆ సాయంత్రము మేము బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో అవ్వ తలుపు మీద "దయ్యాల కొంప" అని వ్రాసినాము. తెలుగులో వ్రాసినాము. కన్నడములో వ్రాస్తే అయ్యవారు చేవ్రాలు గుర్తు పడతారని భయము. మేము స్వయముగా తెలుగులో వ్రాసిన మొట్టమొదటి మాట అదే.

మరునాడు ప్రొద్దున ఆ దోవన పోతుంటే అవ్వ పిలిచింది. "నాయనా, చదువుకొనే బిడ్డవి. నా వాకిలి మీద యేమో రాసిండారు. ఏముందో సదివి చెప్పు" అన్నది. నోరు పెగల్లేదు. చివరకు "రేపు రా అని రాసిండారవ్వా" అన్నాము. ఆమె కాసేపు తలుపు కేసి చూసింది. "నా వాకిలి గూడ యెవురికో గుర్తుకొచ్చింది సూడు" అని, ఆ అక్షరాలను వేళ్లతో తాకి కండ్లకద్దుకొన్నది. లోపలికి పోయి గుప్పెడు బుడ్డలు తెచ్చి చేతిలో పోసింది. తిన్నాము గూడ.

నాలుగైదు రోజులు ఆ అక్షరాలు అట్లానే వున్నవి. కళ్లాపి చల్లేటప్పుడు తలుపు మీద తడి పడకుండా ఆమె జాగ్రత్త పడేది. తెలుగు చదవను వచ్చిన పెద్దవాళ్లు ఆ దోవన రోజూ తిరిగినారు. ఒక్కరు తుడవలేదు. ఒక్కరు ఆమెకు చెప్పలేదు. మా తప్పు కంటె యిది చిన్నదని యిప్పటికీ అనుకోలేకుండా వున్నాము.

అమ్మ బళ్లారి నుంచి వచ్చిన రోజే చూసింది. "య్య" క్రింద వత్తును కన్నడపు వంపుతో వ్రాసే అలవాటు మాది; అది ఆమెకు తెలుసు. రాత్రి అందరూ పడుకొన్న తర్వాత మమ్మల్ని లేపి, లాంతరు, తడిగుడ్డ, సుద్దముక్క తీసుకొని నడిచింది. అక్షరాలు మా చేతనే తుడిపించింది. తర్వాత తానే గుండ్రటి చేవ్రాలుతో "రేపు రా" అని వ్రాసింది. "ఏంటికి రాస్తివిరా?" అని ఒక్కసారి అడిగింది. మేము బదులు చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు, కొట్టలేదు.

మరునాటి రాత్రి నుంచి అవ్వను కథ వినడానికి పిలుచుకొని వచ్చింది. అవ్వ గడప దగ్గర కూర్చొని, మేము వణికే చోట్ల నవ్వేది. "ఆ పిల్లను గూడ బళ్లారి డాక్టరుకు సూపియ్యమను, వానికి బో హస్తవాసి" అని తులసి తండ్రికి సలహా యిచ్చేది. ఆ తర్వాత పదేండ్లకు పైగా బ్రతికింది. ప్రతి శరత్తులోనూ వచ్చింది. మేము మాత్రము నిజము చెప్పలేదు. ధైర్యము చాలలేదు.

మాది పిల్లచేష్ట, సుద్దతో పోయింది. కాని చేతబడి చేసిందనే అనుమానముతో ఒంటరి ఆడవాళ్లను, ముసలివాళ్లను కొట్టిన, చంపిన వార్తలు తెలుగు పత్రికలలో యెన్నిసార్లు చదివినామో లెక్క లేదు. ఎప్పుడు చదివినా మాకు ఆ ఖాళీ తలుపే కనబడుతుంది. బెంగుళూరు విశ్వవిద్యాలయములో వైస్‌చాన్సలరుగా వుండిన హెచ్. నరసింహయ్యగారు 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరీక్షించడానికి ఒక సంఘము వేసినారు. కర్ణాటకలో 2017లో దురాచారాలను, క్షుద్ర విద్యలను నిషేధిస్తూ శాసనము చేసి, 2020 జనవరి నుంచి అమలులో పెట్టినారు. మంచి పనులే. అయినా బావి దగ్గరి గుసగుసను పట్టుకొనే పోలీసు యింకా పుట్టలేదు.

నవలలను మేము మానలేదు. మా పిల్లలిద్దరూ కన్నడ బడిలోనే చదువుతున్నారు. పెద్దమ్మాయికి తెలుగక్షరాలు వచ్చినవి, యెట్లా వచ్చినవో మీరు వూహించగలరు. దూలాలు పోయి కాంక్రీటు మిద్దె వచ్చింది గనుక బైండును బీరువా పైన పెడుతున్నాము; స్టూలు దగ్గరలోనే వుంటుంది. ఒక్క నియమము చేర్చినాము. కథలో మంత్రగత్తె అని యెవరినైనా అన్నప్పుడు చదువు ఆపి, ఆ మాట అన్నదెవరు, వాడు చూసినదేమిటి అని పిల్లలను అడుగుతాము. మొదట విసుక్కొన్నారు. ఇప్పుడు మాకంటె ముందే వాళ్లే ఆపుతున్నారు. కథ రాత్రికి రెండు పుటలు గూడ సాగడము లేదు.

కడపటి మనవి ఒకటి. అమ్మ కుట్టిన బైండులో రెండు వారాల భాగాలు లేవు; మేనమామ ఆ వారాలలో వూరికి రాలేదు. నవల అచ్చు పుస్తకముగా దొరుకుతుంది, నిజమే. కాని పత్రికలో వచ్చిన బొమ్మలతో ఆ పుటలు చేర్చి కుట్టాలని అమ్మకు కోరిక. ఆమెకు చూపు మందగించింది, అయినా సూది సిద్ధముగా పెట్టుకొన్నది. మన సంఘ కుటుంబాలలో యెవరి అటకల మీదనైనా పాత ఆంధ్రభూమి సంచికలు వుంటే, కార్తీకము వెళ్లేలోగా మన పత్రిక కార్యాలయానికి ఒక కార్డు వ్రాయ ప్రార్థన. పుటలు జాగ్రత్తగా నకలు తీసుకొని తిరిగి పంపగలము. చిరునామాలో బళ్లారి జిల్లా అని మాత్రము మరువకండి.