హిందూపురం - పెనుకొండ - ధర్మవరం పల్లెవెలుగు బస్సులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడేవరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ఈ మూడింటినీ చుట్టుపక్కల గ్రామాలతో కలుపుతూ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) నడిపే సాధారణ బస్సులకు పల్లెవెలుగు అని పేరు. సొంత వాహనం లేకుండా ఈ ప్రాంతములోని విజయనగర కాలపు కట్టడాలను చూడదలచినవారికి ఇవే ముఖ్య ఆధారం. వీటి వేళలు మాత్రం పల్లెవాసుల బడి, సంత, కూలిపనుల వేళలను అనుసరించి ఉంటాయి. కాబట్టి యాత్రికుడు తన కార్యక్రమాన్ని బస్సుకు తగినట్లు అమర్చుకోవలసి ఉంటుంది.

దారులు

గుంతకల్లు - బెంగుళూరు రైలు మార్గం ఈ మూడు పట్టణాల మీదుగా పోతుంది. ధర్మవరం జంక్షను నుండి కదిరి మీదుగా పాకాలకు మరొక మార్గం చీలుతుంది. అయితే లేపాక్షికి రైలు లేదు. హిందూపురం నుండి సుమారు 15 కి.మీ. దూరములో ఉన్న ఈ గ్రామానికి బస్సులోనే వెళ్ళాలి. 16వ శతాబ్దానికి చెందిన వీరభద్రాలయం, అందలి వేలాడే స్తంభం, ఏకశిలా నంది ఇక్కడ ప్రసిద్ధమైనవి. బెంగుళూరు వైపు నుండి 44వ నెంబరు జాతీయ రహదారిపై వచ్చేవారు కొడికొండ చెక్‌పోస్టు వద్ద దిగి, హిందూపురం బస్సు ఎక్కి లేపాక్షి చేరవచ్చు.

హిందూపురం నుండి పెనుకొండకు సోమందేపల్లి మీదుగా సుమారు 40 కి.మీ. దూరం. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండను రాజధానిగా చేసుకున్నారు. గగన్ మహల్, కోట, బాబయ్య దర్గా ఇక్కడ చూడదగినవి. పట్టుచీరలకు పేరుపొందిన ధర్మవరానికి ఇక్కడి నుండి జాతీయ రహదారి మీదుగా వెళ్ళవచ్చు.

ప్రయాణ విధానం

బస్సు ముందు బోర్డుపై గమ్యస్థానం పేరు తెలుగులో ఉంటుంది. ఒకే ఊరికి వేర్వేరు దారులలో బస్సులు ఉండవచ్చు కనుక, ఏ ఊరి మీదుగా వెళ్తుందో కండక్టరును అడిగి ఎక్కడం మంచిది. టికెట్టు బస్సులోనే ఇస్తారు. ఛార్జీని స్టేజీల లెక్కన వసూలు చేస్తారు. చిల్లర దగ్గర ఉంచుకోవాలి. దిగవలసిన ఊరు ముందే చెప్పి ఉంచితే కండక్టరు గుర్తుచేస్తాడు. కొన్ని సీట్లు స్త్రీలకు కేటాయించబడి ఉంటాయి.

గ్రామములో దిగిన వెంటనే తిరుగు బస్సు ఎప్పుడో, చివరి బస్సు ఎప్పుడో తెలుసుకోవడం తప్పనిసరి. చివరి బస్సు తప్పితే ఆటో మాట్లాడుకోవాలి, లేదా ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాలి.

సరిహద్దు బస్సులు

హిందూపురం కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నందున గౌరీబిదనూరు, పావగడ వైపు బస్సులు కూడా ఇక్కడ కనిపిస్తాయి. కర్ణాటక బస్సుల బోర్డులు కన్నడములో ఉన్నా, రెండు లిపులకూ పోలిక ఉన్నందువలన తెలుగువారు చాలావరకు చదువుకోగలరు. ఆంధ్ర ప్రదేశ్ మహిళలకు 2025 ఆగస్టు 15 నుండి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం లభించింది. ఇందుకు గుర్తింపు కార్డు చూపాలి. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఈ పథకం వర్తించదు. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం ఆ రాష్ట్ర మహిళలకు ఉద్దేశించినది.

రద్దీ, భద్రత

కళాశాలల వేళలో బస్సులు కిక్కిరిసి ఉంటాయి. తరువాతి బస్సుకు చాలాసేపు ఆగవలసి ఉన్నచోట, వచ్చిన బస్సులోనే అందరూ ఎక్కుతారు. 2015 జనవరి 7న మడకశిర నుండి పెనుకొండ వస్తున్న ఆర్టీసీ బస్సు మావటూరు సమీపములో లోయలో పడి పదిమందికి పైగా మరణించారు. వారిలో అనేకులు చదువుకోవడానికి వెళ్తున్న విద్యార్థులు. ఇటువంటి దారులలో బస్సుల సంఖ్య చాలకపోవడం ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటన తెలిపింది. వేళ ఎంచుకునే వీలున్న యాత్రికులు ఉదయం, సాయంత్రం రద్దీ గంటలను విడిచి మధ్యాహ్నపు బస్సులలో ప్రయాణిస్తే తమకు సౌకర్యం, విద్యార్థులకు చోటు కూడా దొరుకుతుంది.