జింకల బెడద – తుపాకి ప్రశ్న

ఆస్పరి, ఆలూరు, ఆదోని ప్రాంతముల రైతులకు జింకల బెడద క్రొత్తది కాదు. వేరుసెనగ, పప్పుసెనగ మొలకెత్తినది మొదలు మంద దిగి సాళ్లకు సాళ్లు మేసిపోవును. “బాధపడకుండ ఒక్క దెబ్బతో పడవేయుటకు ఏ బోరు తుపాకి తగును?” అని రైతులు కొందఱు నన్నడుగుచున్నారు. ప్రశ్నలో దయ యున్నది గనుక సమాధానము సూటిగా చెప్పవలెను.

మన పొలముల జింక దుప్పిజాతిది కాదు, కృష్ణజింక. దుప్పి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. ఇఱ్ఱి కొమ్ములు చచ్చువఱకు రాలవు. ఎదిగిన యిఱ్ఱి తూకము ఇంచుమించు 35 మొదలు 45 కిలోలు. ఇంత చిన్న జంతువునకు చిన్న తూటా చాలునని తోచును. చాలదు. దుప్పులవేట చట్టసమ్మతమైన ఇంగ్లండులో, 1991 నాటి చట్టము ప్రకారము పెద్దజాతి దుప్పులకు రైఫిలు బోరు .240 అంగుళమునకును, తూటా బలము 1,700 ఫుట్‌పౌండ్లకును తగ్గరాదు. తూటా ముక్కు మెత్తనిదై, లోపల విచ్చుకొని గుండెను, ఊపిరితిత్తులను వెంటనే ఆపవలెను. .22 బోరు చిన్న తూటా బలము 100 మొదలు 150 మాత్రమే. నాటు తుపాకి సంగతి మఱియు ఘోరము. చెదరిన గుండ్లు కడుపునకో కాలికో తగులును. జింక పరుగెత్తిపోయి ఏ తుమ్మచెట్టు క్రిందనో దినములకొలది కొట్టుకొని చచ్చును. దయ బోరులో ఉన్నదనుకొన్నను, మన యిండ్ల తుపాకులలో అది లేదు. .315 బోరు రైఫిలు ఆ కొలతను దాటును గాని, మన నల్లరేగడి బయళ్లలో గుఱి తప్పిన తూటాను ఆపుటకు గట్టయినను లేదు. ఆవల గొఱ్ఱెలకాపరి యుండును.

ఇంతకును కాల్చుటకు మనకు హక్కు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చినది. చంపినవారికి 3 మొదలు 7 ఏండ్ల ఖైదు. 2022 నాటి సవరణచే జుల్మానా 25,000 రూపాయలకు తగ్గదు. పంటకాపుదలకై యిచ్చిన తుపాకి లైసెన్సు జింకను చంపుటకు అనుమతి కాదు. ఈ విషయము చాలమంది ఎఱుగరు. కంచెకు కరెంటు పెట్టుట అంతకంటె చెడ్డపని; మనుష్యుడును, ఎద్దును దానికి ఒక్కటే.

మఱి పైరు గతి యేమి? జింకకు చూపును పరుగును రక్ష. తెఱపి బయలునే కోరును. ఎత్తైన దట్టపు పైరులో, ముండ్లలో దూరుటకు జంకును. కావున సెనగ చేని చుట్టు నాలుగైదు సాళ్లు కుసుమను ఒత్తుగా విత్తుడు. మన పెద్దలు చేసినదే యిది, గింజయు దక్కును. అయితే లేతకుసుమకు ముండ్లుండవు, జింక దానినే ముందు మేయును. మొదటి నెల కాపలా తప్పదు. ఒక్కొక్కరు తమ చేను మాత్రము తోలినచో మంద ప్రక్కచేనిలో దిగును. పొలిమేరలోని చేలన్నిటికి కలిపి వంతులవారీగా, ప్రొద్దుపొడుపునను సాయంకాలమునను కాచుట మేలు.

నష్టము కలిగినచో పైరు దున్నివేయకముందే అటవీశాఖవారికి అర్జీ వ్రాసి, సర్వే నంబరుతో నకలు దగ్గఱ నుంచుకొనుడు.