గాలికీ పెట్రోలుకూ సంధి

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో సంధులు చెప్పి బతుకుతున్నవాణ్ణి. అటువంటివాణ్ణి గాలికీ పెట్రోలుకూ సంధి కుదర్చబోయి, కన్నతండ్రిని నల్లమల ఘాటులో నడిరోడ్డు మీద నిలబెట్టాను. ఆ కథ వినండి.

మాది మార్కాపురం. పలకలకు పేరుపడ్డ వూరు. పలకరాయి కోసే షెడ్ల పక్కనుంచే నా కాలేజీ దారి. నాన్నగారు కొన్న పాత బుల్లెట్టు మీద ఆ దుమ్ములోనే రోజూ రాకపోకలు. కిందటేడు బండి పెట్రోలు తెగతాగడం మొదలుపెట్టింది. ప్లగ్గు విప్పితే మసిబొగ్గు!

1 పాలు పెట్రోలు సరిగా మండాలంటే, తూకంలో 14.7 పాళ్ళ గాలి కావాలి. ఆ రెంటినీ కలిపేది కార్బ్యురేటరు. పెట్రోలు హెచ్చితే ప్లగ్గు నల్లబడుతుంది. గాలి హెచ్చితే తెల్లబారుతుంది, ఇంజను వేడెక్కుతుంది. లేత గోధుమరంగు తేలితే పాకం కుదిరినట్టు. ఇంతమాత్రం చదువుకొని, స్క్రూడ్రైవరు పుచ్చుకొని, ఎయిర్ స్క్రూను మూడు చుట్లు బయటికి తిప్పాను. మసి తగ్గింది. "మీకు ఇదికూడా వచ్చునా!" అని మా ఆవిడ ఆశ్చర్యపడింది. నేను పొంగిపోయాను.

నాన్నగారి కళ్ళు చూపించడానికి నంద్యాల బయలుదేరాం. కంభం దాటాం, గిద్దలూరు దాటాం. ఘాటు మొదట్లోనే ఒక మలుపులో యాక్సిలరేటరు తగ్గించాను. ఇంజను టపటపమని దగ్గి, ఠక్కున ఆగిపోయింది. వెనకనే లారీ! డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు వేశాడు. చూపు ఆనని డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన నా భుజం పట్టుకొని రోడ్డు అంచుకు నడిచారు. ఆ చెయ్యి వణకడం నాకింకా తెలుస్తూనే వుంది.

వెనక్కి తిప్పి, ఎలాగో గిద్దలూరు చేరాం. అక్కడి మేస్త్రీ స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి నేలకు తట్టాడు. గుప్పెడు పలకపొడి రాలింది.

"ముక్కు దిబ్బడేస్తే పొట్టకు మందిచ్చారు సారూ! ఆ స్క్రూ పెత్తనం బండి మెల్లగా పోయేటప్పుడే. జోరుగా పోతే ఫిల్టరు మూసుకొని అజీర్ణం, మెల్లగా పోతే మీ చలవవల్ల పస్తు. ఆగక ఏంజేస్తది?"

కొత్త ఫిల్టరు వేశాడు. వేడిగా వున్న ఇంజను ఆపి, స్క్రూను లోపలికి తిప్పాడు. "గట్టిగా బిగిస్తే మొన చెడిపోతది" అంటూ ఆనగానే ఆపి, చుట్టున్నర వెనక్కి తీశాడు. బండి స్టార్టు చేసి, ఐడ్లింగు కాస్త పెంచి, స్క్రూను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ, ఇంజను అన్నిటికంటె చురుగ్గా, నిలకడగా పలికినచోట వదిలేశాడు. తరువాత ఐడ్లింగు తగ్గించాడు. అంతే.

ఈ పని మూసిన గదిలో మాత్రం చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక, దాదాపు కొత్త బళ్ళన్నిటిలోనూ పెట్రోలు కొలిచే పని కంప్యూటరుదే. తిప్పడానికి స్క్రూ వుండదు. పాత బండి వున్నవారు మాత్రం ముందు ఫిల్టరు చూసుకోండి.

తిరుగుదారిలో నాన్నగారు నెమ్మదిగా అన్నారు: "కంభం దగ్గరే శబ్దం తేడాగా వుందనిపించింది రా. చదువుకున్నవాడివి, నీకు తెలియదా అని వూరుకున్నాను."

ఆ మాట లారీ హారనుకంటె గట్టిగా వినిపించింది నాకు.

ఇప్పుడు స్క్రూ తిప్పవలసి వస్తే బండిని అరుగు ముందు నిలబెడతాను. నాన్నగారు కళ్ళు మూసుకొని వింటారు. ఆయన "చాలు" అన్నచోట ఆపుతాను.