తోడున్న గామాలకే లెక్క

కళ్యాణదుర్గం పక్క బోరు వేస్తుంటే నీళ్లకన్నా ముందు బండపొడి పైకొస్తుంది. (నీళ్లు రావడం అదృష్టం.) అందులో మెరిసే లేత గులాబి పలుకులు చాలావరకు ఫెల్డ్‌స్పార్, అంటే పొటాషియం ఉన్న ఖనిజం. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. వందకు పదకొండు సార్లు అది ఆర్గాన్-40గా మారి 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని విడుస్తుంది. ఒక్కటంటే ఒక్కటే.

పరమాణు కేంద్రకాల ఆకారం తేల్చేవాళ్లకు ఇది పానకంలో పుడక. ప్రయోగశాల గోడల్లోనూ పొటాషియం ఉంటుంది మరి! వాళ్లకు కావలసిన గామాలు వేరు. యాక్సిలరేటర్ నుంచి దూసుకొచ్చే అయాన్లు పలచటి లోహపు రేకుకు తగిలినప్పుడు రెండు కేంద్రకాలు కలిసిపోయి, గిరగిరా తిరిగే కొత్త కేంద్రకం పుడుతుంది. దాని వేగం తగ్గేకొద్దీ గామాలు వరసగా, కన్ను మూసి తెరిచే లోపు వచ్చేస్తాయి. అందుకే రేకు చుట్టూ డిటెక్టర్లను గుంపుగా అమరుస్తారు. సెకనులో కోటో వంతు వ్యవధిలో రెండు మూడు డిటెక్టర్లు కలిసి పలికితేనే ఆ సంకేతాలు లెక్కకొస్తాయి. తోడులేని పొటాషియం గామా దాదాపు అక్కడే రాలిపోతుంది.

మన ఇండియన్ నేషనల్ గామా అరేలో ‘క్లోవర్’ అనే రకం డిటెక్టర్లు 24 దాకా పడతాయి. ఒక్కోదానిలో నాలుగు అతిశుద్ధ జెర్మేనియం స్ఫటికాలు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచకపోతే వాటిలో వేడికే దొంగ సంకేతాలు పుడతాయి. గామా ఒక స్ఫటికంలో కొంత శక్తి వదిలి పక్కదానిలోకి దూకితే రెండు శక్తులనూ కూడతారు. బయటికే జారుకుంటే చుట్టూ ఉన్న బిస్మత్ జెర్మనేట్ కవచం పట్టిస్తుంది, ఆ కొలతను కొట్టేస్తారు. ఫలితాల్లో కవచం ఊసే ఉండదు గానీ, నన్నడిగితే సగం పుణ్యం దానిదే.

ఇలా పట్టిన గామాలతో ఆకారం ఎలా తేలుతుందో చూడండి. 1986లో ఇంగ్లండ్‌లోని డార్స్‌బరీలో పీటర్ ట్విన్ బృందం పలేడియం-108ను కాల్షియం-48తో ఢీకొట్టించి డిస్ప్రోసియం-152ను తయారుచేసింది. దాని నుంచి 19 గామాలు, ఇంచుమించు 47 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల సమాన ఎడంతో వచ్చాయి. ఆ ఎడాన్ని బట్టి చూస్తే కేంద్రకం శెనక్కాయ విత్తులా, వెడల్పుకు రెండింతల పొడవు సాగింది.

తెలుగునాట ఈ కేంద్రక శాస్త్రానికి పునాది వేసింది గొరగనమూడిలో పుట్టిన సన్యాసి, స్వామి జ్ఞానానంద. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు. అయితే ఇంత ఖరీదైన డిటెక్టర్లు ఏ ఒక్క విశ్వవిద్యాలయానికీ అందేవి కావు. అందుకే అందరూ కలిసి సమకూర్చుకున్న ఆ నేషనల్ గామా అరే ముంబై, ఢిల్లీ, కోల్‌కతా యాక్సిలరేటర్ల మధ్య వంతులవారీగా తిరిగింది. పరిశోధక విద్యార్థులు అది ఉన్నచోటికే వెళ్లి, దొరికిన కొద్ది రోజుల బీమ్‌లో డేటా పోగేసుకుని, నెలల తరబడి దానితో కుస్తీ పడతారు.