దివాలా: అపకీర్తియా, ఆశ్రయమా?

మన తెలుగుదేశమున “ఐ. పి. పెట్టినాడు” అను మాటకంటె పరువుగలవాని చెవికి కఠోరమైనది మరియొకటి లేదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను పదముల పొడియక్షరములు రెండును మన బజారులలో తిట్టుగా మారిపోయినవి. జనులచే చీటీలు కట్టించుకొని, రాత్రికి రాత్రి ఊరు విడిచి, పిమ్మట వకీలుచేత నోటీసు పంపించు వంచకులే ఈ అపకీర్తికి కారకులు. వారి పాపమును, నిజముగా చితికిపోయిన సత్పురుషుని నెత్తికి చుట్టుట న్యాయమా యని విచారింపవలసియున్నది.

హైదరాబాదు నగరమందలి మధురానగరమును చూడుడు. అచ్చటి మెట్రో స్టేషనునుండి జూబిలీహిల్సు చెక్‌పోస్టు మూడవ స్టేషను. ఆ కొండమీద తారల భవనములు. ఈ క్రింద, మధురానగర కృష్ణానగరముల అద్దెయిండ్లలో, చిత్రపరిశ్రమను నమ్ముకొన్న చిన్నవారి కాపురములు. అట్టివారిలో ఒక చిన్న నిర్మాతను ఊహించుకొనుడు. పల్లెలోని పొలము తాకట్టు పెట్టి, ఫైనాన్షియరునొద్ద నెలవడ్డీకి సొమ్ము తెచ్చి, చాలనిదానికి స్నేహితులచేత ప్రోనోట్లు వ్రాసి చేబదుళ్లు తెచ్చినాడు. శుక్రవారపు మొదటి ఆటలతోనే అతని భవితవ్యము తేలిపోవును. చిత్రము పోయినను వడ్డీ పోదు.

ఈ కథ క్రొత్తది కాదు. ‘త్యాగయ్య’గా తెలుగువారి హృదయములలో నిలిచిన చిత్తూరు నాగయ్యగారు స్వంత చిత్రముల నష్టములచేతను, మితిలేని దానముచేతను, ఆర్జించినదెల్ల పోగొట్టుకొని 1973లో లేమిలోనే కన్నుమూసిరి. 1971లో సావిత్రిగారు తమిళమున తీసిన ‘ప్రాప్తం’ నష్టపడగా, ఆదాయపుపన్ను బాకీలు తోడై, ఆ మహానటి ఆస్తులు కరిగిపోయినవి.

అట్టి స్థితిలోనున్నవాడు కోర్టునకు పోవలెనా, వలదా? ముందుగా శాసనమెరుగవలెను. మన రెండు రాష్ట్రములలో సామాన్యుని దివాలాకు నేటికిని ఆధారము 1920 నాటి ప్రొవిన్షియలు ఇన్‌సాల్వెన్సీ చట్టమే. ఐదువందల రూపాయల అప్పుండి తీర్చలేనివాడు తానుగా అర్జీ పెట్టుకొనవచ్చును. కోర్టు అతనిని దివాలాదారునిగా నిర్ణయించినంతనే ఆస్తి రిసీవరు వశమగును. రిసీవరు దానిని అమ్మి అప్పులవారికి దామాషాగా పంచును. అటుపిమ్మట కోర్టు సెలవు లేనిదే ఎవరికి వారు విడిగా దావా తెచ్చుటకు వీలులేదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనివాని పనిముట్లు జప్తునకు చిక్కవు. తుదకు కోర్టు అతని ప్రవర్తనను విచారించి ఋణవిముక్తి నొసగవచ్చును; నిరాకరింపను వచ్చును.

ఇక ఈ ఆశ్రయమునకుగల హద్దులు. తాకట్టు పట్టినవాడు ఆ ఆస్తినుండి తన బాకీ వసూలు చేసికొనవచ్చును. ప్రభుత్వపు బాకీయు, మోసముతో చేసిన అప్పును విముక్తి పొందినను విడువవు. జామీను నిలిచిన స్నేహితుని బాధ్యత తీరదు. చెక్కు చెల్లనందున నడచు క్రిమినలు కేసు ఐ. పి.తో రద్దుకాదు. అర్జీకి ముందు రెండేండ్లలోపల, సొమ్ము పుచ్చుకొనకయే బావమరిది పేరనో, మరియొకరి పేరనో వ్రాసియిచ్చిన దస్తావేజును కోర్టు కొట్టివేయవచ్చును. మోసముతో లెక్కలు దాచినవానికి ఒక సంవత్సరమువరకు ఖైదు. విముక్తి పొందనివాడు రాజ్యాంగముననుసరించి శాసనసభా సభ్యత్వమునకు అనర్హుడు.

మన పూర్వులు తండ్రి ఋణమును తీర్చుట పుత్రధర్మమనిరి. ఆ ధర్మమును మేము తూలనాడము. కాని 2005 నాటి హిందూవారసత్వ సవరణచట్టము, అటుపిమ్మట తండ్రి చేసిన అప్పునకు కేవలము పుత్రధర్మమును చూపి కొడుకును కోర్టునకు ఈడ్చుటను మాన్పినది. 1980లో సుప్రీముకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు, దురుద్దేశము లేక కేవలము లేమిచే చెల్లింపలేనివానిని అప్పునకై చెరసాలకు పంపుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. లేమి నేరము కాదు. ఉండియు లేదనుటయే నేరము.

కావున నిర్ణయింపగోరువాడు తాకట్టు అప్పులను, పన్నుల బాకీలను, చేబదుళ్లను వేరువేరుగా వ్రాసికొనవలెను. మొదటి రెండే అధికమైనచో ఐ. పి. వలన కలుగు మేలు స్వల్పము. కొంత పొలమమ్మిన అప్పు తీరునట్లున్నచో నేడే అమ్మి, పెద్దల సమక్షమున అప్పులవారితో రాజీపడుట ఉత్తమము. వడ్డీ కట్టుటకై మరల అప్పుచేయువాడు పొలమును వడ్డీకే వడ్డించుచున్నాడు. ఆస్తినంతయు అమ్మినను చేబదుళ్లు తీరవని తేలినప్పుడు మాత్రము, ఆలస్యము చేయక, లెక్కల పుస్తకములతో సహా కోర్టునకు పోవుటయే ధర్మము. గట్టిగా కేకవేసినవానికి మొత్తమును, మౌనముగానున్న విధవరాలికి శూన్యమును దక్కుటకంటె అందరికిని సమముగా పంచుట మేలు గదా!

ప్రభుత్వమునకును ఒక మాట. 2016లో పార్లమెంటు చేసిన ఇన్‌సాల్వెన్సీ కోడులోని మూడవభాగము వ్యక్తులకై ఉద్దేశింపబడినది. అది 2019 డిసెంబరు 1 నుండి, కంపెనీల అప్పులకు జామీనున్నవారికి మాత్రమే అమలులోనికి వచ్చినది. కంపెనీలకు గడువుతోకూడిన క్రొత్తమార్గము. కూలినాలి చేసికొనువానికి నూరేండ్లు దాటిన పాతచట్టము! ఈ తారతమ్యము తొలగవలెను.

మా పాఠకులలో అప్పు చేసినవారును, ఇచ్చినవారును కలరు. ఇచ్చినవారు, లెక్కచూపి లేదనువానిని వంచకునితో జమకట్టకుందురుగాక. మధురానగరమున అర్ధరాత్రివేళ లెక్కలు ముందు పెట్టుకొని నిద్రలేక కూర్చున్నవానికి మేము చెప్పునదొక్కటే: అప్పుకంటె ప్రాణము పెద్దది. పరువు కోర్టు మెట్టెక్కుటచే పోదు, అసత్యమాడుటచే పోవును. ఇల్లాలికి చెప్పుము, మంచి వకీలును చూడుము, దాచకుము. సొమ్ము పోయినవాడు మరల ఆర్జింపగలడు.